పికప్ బండికి కాపలా: తాళం, సరుకు, కాగితం

2023 జులై 8న బెంగళూరులో జరిగిన ఒక దొంగతనం దేశమంతా వార్త అయింది. చిత్రదుర్గ జిల్లా హిరియూరు నుంచి కోలారు మార్కెట్‌కు టమాటా వేసుకుని వెళ్తున్న బొలేరో పికప్‌ను కారులో వచ్చిన ముఠా అడ్డగించింది. మా కారును గుద్దావంటూ గొడవకు దిగి డబ్బు అడిగింది. చివరికి బండిలోని వాళ్లను దారిలో దించేసి, రెండు టన్నులకు పైగా సరుకుతో సహా బండిని తోలుకుపోయింది. టమాటాను చెన్నైలో అమ్మేసి ఖాళీ బండిని వదిలేశారు. ఆ నెలలోనే తమిళనాడుకు చెందిన భార్యాభర్తలను బెంగళూరు పోలీసులు అరెస్టు చేశారు.

ఆ ముఠా ఏ తాళమూ పగలగొట్టలేదు, ఏ తీగా కత్తిరించలేదు. బండి మీద వాళ్లకు ఆశ కూడా లేదు, దాన్ని వదిలేసిపోవడమే అందుకు రుజువు. కిలో టమాటా వంద రూపాయలు దాటిన నెల అది. దొంగ చూపు బండి మీద ఉంటుందా, అందులోని సరుకు మీద ఉంటుందా, బండి కింద బిగించిన సామాను మీద ఉంటుందా అన్నది ఆనాటి మార్కెట్ ధర తేలుస్తుంది. అందుకే పికప్ రక్షణ అంటే మంచి తాళం కొనడం ఒక్కటే కాదు. బండి, దాని భాగాలు, సరుకు, క్యాబిన్‌లోని సొంత వస్తువులు, వీటన్నిటికీ వెనక నిలిచే కాగితాలు అన్నీ కలిపి చూడాల్సిన విషయం.

2005లో టాటా ఏస్ వచ్చాక చిన్న సరుకు బండి తెలుగు ఊళ్లలో ఒక జీవనాధారంగా మారింది. దానితో పాటు అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా బొలేరో పికప్, టాటా ఇంట్రా కూడా అడ్డాలు నింపాయి. వీటిలో చాలా వాటికి యజమానే డ్రైవరు. ఫైనాన్స్ మీద తీసుకున్న బండి, నెలనెలా కిస్తీ, రోజువారీ కిరాయి మీద నడిచే ఇల్లు. కారు పోతే ఇబ్బంది పడే కుటుంబానికి, పికప్ పోతే మరునాటి నుంచే రాబడి ఆగిపోయే కుటుంబానికి చాలా తేడా ఉంది. పైగా కారుకు దొరికే గ్యారేజీ గానీ, అపార్ట్‌మెంటు సెల్లారు గానీ ఈ బండికి దొరకవు. అది రాత్రంతా వీధి మలుపులోనో, పెట్రోలు బంకు పక్కనో, మార్కెట్ యార్డు గేటు బయటో నిలబడి ఉంటుంది.

వాహన దొంగతనాన్ని ఎలా తగ్గించవచ్చో ప్రపంచం అరవై ఏళ్లకు పైగా నేర్చుకుంటూనే ఉంది. పశ్చిమ జర్మనీ 1960ల తొలినాళ్లలో స్టీరింగ్ తాళాన్ని కొత్త కార్లకే కాక రోడ్డు మీద తిరుగుతున్న పాత కార్లన్నిటికీ తప్పనిసరి చేసింది. దొంగతనాలు ఒక్కసారిగా పడిపోయాయి. బ్రిటన్ 1970ల మొదట్లో అదే తాళాన్ని కొత్త కార్లకు మాత్రమే పెట్టించింది. దొంగలు కొత్త కార్లను వదిలి పాతవాటి మీద పడ్డారు, మొత్తం లెక్క మాత్రం పెద్దగా తగ్గలేదు. ఒక బండికి వేసిన తాళం దొంగను పక్క బండి దగ్గరికి పంపుతుంది, అన్ని బండ్లకూ వేసిన తాళం దొంగతనాన్నే తగ్గిస్తుంది. పికప్ రక్షణ గురించిన చర్చ అంతటికీ కీలకం ఈ తేడాయే.

తర్వాతి మెట్టు ఇమ్మొబిలైజర్. తాళం చెవిలోని చిన్న చిప్పును ఇంజిన్ కంప్యూటర్ గుర్తిస్తేనే బండి స్టార్ట్ అవుతుంది. లేకపోతే తీగలు కలిపినా ఇంజిన్ కదలదు. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది. నెదర్లాండ్స్ గణాంకాలను పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు దీనివల్ల కార్ల దొంగతనాలు దాదాపు 40 శాతం తగ్గాయని తేల్చారు. కెనడా 2007 సెప్టెంబరు నుంచి ఇదే నియమం పెట్టింది. అమెరికా పెట్టలేదు. ఆ నిర్లక్ష్యానికి మూల్యం 2021 తర్వాత కనిపించింది. ఇమ్మొబిలైజర్ లేని కియా, హ్యుందాయ్ కార్లను యూఎస్‌బీ తీగతో ఎలా స్టార్ట్ చేయాలో చూపే వీడియోలు కుర్రవాళ్లలో పాకిపోయాయి. 2015 నాటి మోడళ్లలో మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ ఉంటే ఈ రెండు కంపెనీల కార్లలో 26 శాతానికే ఉందని అక్కడి బీమా పరిశోధన సంస్థ లెక్క తీసింది. ఆ కంపెనీలు 2023లో దాదాపు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది.

మూడో మార్గం దాచిపెట్టిన ట్రాకర్. అమెరికాలో 1986లో మొదలైన లోజాక్ అనే రేడియో పరికరం మీద ఇయాన్ ఏర్స్, స్టీవెన్ లెవిట్ 1998లో ప్రచురించిన అధ్యయనం ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టింది. ఏ బండిలో పరికరం ఉందో దొంగకు బయటినుంచి తెలియదు కాబట్టి ఊళ్లో అన్ని బండ్ల జోలికీ వెళ్లడానికి జంకుతాడు. పరికరం కొన్న యజమానికి అందే లాభం మొత్తం లాభంలో పదో వంతు కంటే తక్కువే, మిగతాదంతా ఊరికి దక్కుతుంది. కళ్లకు కనిపించే స్టీరింగ్ రాడ్డు ఒక బండిని కాపాడితే, కనిపించని ట్రాకర్ అడ్డాలోని పది బండ్లనూ కాపాడుతుంది.

దొంగలు కూడా ఊరుకోలేదు. తాళం చెవి జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకునే కార్లు వచ్చాక, ఇంట్లో ఉన్న చెవి సిగ్నల్‌ను పరికరంతో సాగదీసి బయటి కారుకు అందించే పద్ధతి పుట్టింది. హెడ్‌లైట్ వెనక తీగల ద్వారా కారు లోపలి కంప్యూటర్ వ్యవస్థలోకి దొంగ సంకేతాలు పంపే పద్ధతిని ఇయాన్ టేబర్, కెన్ టిండెల్ అనే నిపుణులు 2023లో వివరంగా బయటపెట్టారు. టేబర్ సొంత టయోటా కారు అలాగే పోయింది. ఇమ్మొబిలైజర్ నియమం ఉన్న కెనడాలో కూడా ఈ కొత్త పద్ధతులతో దొంగతనాలు మళ్లీ పెరిగాయి. ఖరీదైన పికప్‌లు, ఎస్‌యూవీలు కంటైనర్లలోకి ఎక్కి మాంట్రియల్ రేవు మీదుగా విదేశాలకు వెళ్లిపోయేవి. అక్కడి పోలీసులు ఒక్క దర్యాప్తులోనే 598 దొంగ బండ్లను రేవు దాటకుండా పట్టుకున్నట్టు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

పికప్ అంటే పడిచచ్చే అమెరికాలో ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి ట్రక్కుల అమ్మకాల్లో మొదటి స్థానం వదల్లేదు. ఎక్కువగా అమ్ముడయ్యే బండ్లే ఎక్కువగా పోతాయి. 2022లో అక్కడ అత్యధికంగా పోయిన బండ్ల జాబితాలో షెవ్రొలే పెద్ద పికప్ 49 వేలకు పైగా, ఫోర్డ్ పెద్ద పికప్ 48 వేలకు పైగా లెక్కతో మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. దక్షిణాఫ్రికాలో టయోటా హైలక్స్ పికప్‌ల పరిస్థితీ అంతే. అక్కడ తుపాకీ చూపించి లాక్కున్న బండ్లు సరిహద్దు దాటి పొరుగు దేశాలకు చేరుతుంటాయి.

ఈ అంతర్జాతీయ హంగుల్లో తెలుగు రాష్ట్రాల పికప్ యజమానికి పనికొచ్చేవి కొన్నే. ఇక్కడి చిన్న సరుకు బండ్లు ఎక్కువగా మామూలు చెవి తిప్పి స్టార్ట్ చేసేవే. కాబట్టి రేడియో సిగ్నల్ దొంగల కంటే మారుచెవి వాడు, తీగలు కలిపేవాడు, ఇంజిన్ ఆపకుండా టీకి దిగిన డ్రైవరు కోసం కాచుకున్నవాడు ఇక్కడ అసలు ముప్పు. దీనికి మందు కూడా చవకే. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును ఆపేసే కటాఫ్ స్విచ్ గానీ, డీజిల్ పంపుకు వెళ్లే కరెంటును ఆపే రహస్య స్విచ్ గానీ ఆటో ఎలక్ట్రీషియన్ అరపూటలో బిగిస్తాడు. దాన్ని ఎక్కడ పెట్టారో యజమానికి, డ్రైవరుకు తప్ప మూడో మనిషికి తెలియకూడదు. కొత్త బండి వారంటీలో ఉంటే తీగలు కదిపే ముందు కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడగడం మంచిది. లేదంటే తర్వాత వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

స్టీరింగ్‌కో, గేరు రాడ్డుకో బయటికి కనిపించేలా వేసే తాళం రెండో మెట్టు. మూడోది ట్రాకర్. కొన్ని కొత్త మోడళ్లలో కంపెనీయే ట్రాకింగ్ ఇస్తోంది. టాటాకు ఫ్లీట్ ఎడ్జ్, మహీంద్రా బొలేరో మ్యాక్స్ పికప్‌కు ఐమ్యాక్స్ అలాంటివే. లేని బండికి విడిగా బిగించుకోవచ్చు. కానీ డ్యాష్‌బోర్డు కింద చేతికందే చోట పెట్టిన ట్రాకర్‌ను దొంగ మొదటి పది నిమిషాల్లోనే పీకి పారేస్తాడు. బండి బ్యాటరీ తీసినా కాసేపు పనిచేసేలా దానికి సొంత బ్యాటరీ ఉండాలి, అందులోని సిమ్‌కు రీచార్జి అయిపోకుండా చూసుకోవాలి. ట్రాకర్ చూపిన చోటికి యజమాని ఒంటరిగా వెళ్లకూడదు. ఆ సమాచారం పోలీసులకు ఇచ్చి, వాళ్లతో కలిసి వెళ్లాలి.

ఫాస్టాగ్ కూడా అనుకోకుండా ఒక కాపలాదారు అయింది. 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్ల దగ్గర అది తప్పనిసరి. దొంగ బండితో టోల్ దాటితే డబ్బు కట్ అయిన మెసేజ్ యజమాని ఫోనుకు వస్తుంది, బండి ఏ దారిన పోయిందో తెలుస్తుంది. ఫాస్టాగ్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు పాతదైతే ఆ దారి మూసుకుపోయినట్టే.

బండి మొత్తం పోవడం కంటే భాగాలు పోవడమే ఎక్కువమంది చవిచూసే నష్టం. తెల్లారి వచ్చి చూస్తే స్టెప్నీ ఉండదు, ఫ్రేము పక్కన బిగించిన బ్యాటరీ ఉండదు, ట్యాంకులో డీజిల్ ఉండదు. ఒక్కోదాని ధర వేలల్లోనే ఉన్నా, ఆ రోజు కిరాయి కూడా పోతుంది. వెల్డింగ్ షాపులో బ్యాటరీకి ఇనుప పెట్టె చేయించి తాళం వేయడం, స్టెప్నీని గొలుసుతో ఫ్రేముకు బిగించడం, ట్యాంకుకు తాళం మూత పెట్టడం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మామూలుగా జరిగే పనులు. అమెరికా పికప్‌ల వెనక డోరును కొంత కోణంలో పైకెత్తితే ఊడి చేతికొస్తుంది. కెమెరాలు బిగించిన కొత్త డోర్లు ఖరీదైనవి కావడంతో అక్కడ వాటినే ఎత్తుకుపోతున్నారు. మడతబందు దగ్గర ఒక ఇనుప క్లిప్పు బిగిస్తే చాలు, డోరు తేలిగ్గా ఊడదు.

సైలెన్సర్ సంగతి వేరు. సైలెన్సర్ వరసలోనే ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే కెటాలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు ఉంటాయి. 2021 మార్చిలో రోడియం ఔన్సు ధర 29 వేల డాలర్లు దాటింది. అమెరికాలో బీమా క్లెయిముల ప్రకారం 2018లో 1,298గా ఉన్న కన్వర్టర్ దొంగతనాలు 2021కి 52,206కు ఎగబాకాయి. అదే గాలి ఇక్కడికీ వీచింది. గుజరాత్, మహారాష్ట్రలతో పాటు హైదరాబాద్‌లో కూడా మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు కోసుకుపోయే ముఠాలు పట్టుబడ్డాయి. బండిని కింది భాగం గోడకు, గట్టుకు దగ్గరగా ఉండేలా నిలపడం, కన్వర్టర్ మీద బండి నంబరు చెక్కించడం పెద్దగా ఖర్చు లేని జాగ్రత్తలు.

సరుకు విషయంలో పట్టా కట్టే తీరు నుంచే రక్షణ మొదలవుతుంది. లోపల ఏముందో కనిపించకుండా పూర్తిగా కప్పి, తాడు ముడులు పక్కలకు కాక క్యాబిన్ వైపు వేస్తే, నెమ్మదిగా వెళ్తున్న బండి మీదికి వెనక నుంచి ఎక్కేవాడికి పని కష్టమవుతుంది. ఎలక్ట్రానిక్ సామాను, మందులు, మిర్చి బస్తాలు, వంటనూనె లాంటి తేలిగ్గా అమ్ముడుపోయే సరుకుతో రాత్రి ప్రయాణం తప్పనప్పుడు లైట్లు, కెమెరాలు ఉన్న పెద్ద బంకుల్లోనే ఆగాలి. ఎక్కడ ఆగుతున్నదీ ఇంటికో, సరుకు యజమానికో ఒక ఫోన్ చేసి చెప్పాలి. దారిలో ఎవరైనా ప్రమాదం జరిగిందని ఆపితే, నిర్జనంగా ఉన్నచోట దిగకుండా 112కు ఫోన్ చేసి దగ్గరి పోలీస్ స్టేషన్‌కు పదమని చెప్పడం డ్రైవరుకు మేలు. బెంగళూరు ముఠా వేసిన ఎత్తు కొత్తదేం కాదు, అది మళ్లీ రాదనుకోవడానికీ లేదు.

క్యాబిన్‌లో పోయేవి చిన్నవే, బాధ పెద్దది. కిరాయి డబ్బు, ఫోను, కాగితాలు. ఒరిజినల్ ఆర్‌సీ, లైసెన్సు బండిలో ఉంచాల్సిన అవసరం 2018 నుంచే తీరిపోయింది. డిజిలాకర్‌లోనో, ఎంపరివాహన్‌లోనో చూపిస్తే చెల్లుతుంది. బండితో పాటు ఒరిజినల్ ఆర్‌సీ కూడా పోతే దొంగకు దాన్ని అమ్మడం సులువు, యజమానికి క్లెయిమ్ కష్టం. పోయిన ఫోనును దేశమంతటా పనిచేయకుండా బ్లాక్ చేసే సీఈఐఆర్ పోర్టల్ 2023 మే నుంచి అన్ని రాష్ట్రాలకూ అందుబాటులోకి వచ్చింది. దాని ద్వారా ఫోన్లు తిరిగి రాబట్టడంలో తెలంగాణ పోలీసులు దేశంలో ముందు వరసలో ఉన్నారు.

ఇంతవరకు చెప్పినవి దొంగను ఆపే పనులు. అయినా బండి పోతే? అప్పుడు నిలబెట్టేది కాగితమే. చట్టప్రకారం తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ పాలసీ దొంగతనానికి పైసా ఇవ్వదు. సమగ్ర పాలసీ ఉంటేనే పరిహారం. అది కూడా బండి కొన్న ధర కాదు, ఐడీవీ అనే తరుగు పోయిన విలువ. రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు బండికి 30 శాతం తరుగు కట్టే పద్ధతి ఉంది. 9 లక్షల బండి అయితే 6 లక్షల 30 వేలు. ఆ డబ్బులో మొదటి వాటా అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీది. ఇక బండిలోని సరుకుకు మోటారు పాలసీ వర్తించనే వర్తించదు. దానికి ఇన్‌లాండ్ ట్రాన్సిట్ పాలసీ విడిగా ఉండాలి. రవాణా కంపెనీకి అప్పగించిన సరుకు విలువను ముందే ప్రకటించకపోతే, రోడ్డు రవాణా చట్టం కింద ఆ కంపెనీ బాధ్యత కిరాయికి పదిరెట్ల దగ్గరే ఆగిపోతుంది. చిన్న వ్యాపారుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

బీమా తగాదాల్లో సుప్రీంకోర్టు తీర్పులు యజమానులకు చాలావరకు అండగా నిలిచాయి, కానీ అన్నిసార్లూ కాదు. ట్రాక్టరు పోయిన కేసులో 2020 జనవరిలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసినప్పుడు బీమా కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చరాదని తేల్చింది. డ్రైవరు చెవి బండిలోనే ఉంచి దిగినప్పుడు లారీ పోయిన కేసులో 2023లో సుప్రీంకోర్టు 75 శాతం పరిహారం ఇవ్వమంది. అయితే 2021 సెప్టెంబరులో వచ్చిన మరో తీర్పు ప్రతి యజమానీ చదవాల్సింది. కొత్త బొలేరో తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు 2011 జులై 19న ముగిసింది. తొమ్మిది రోజుల తర్వాత జోధ్‌పూర్‌లో గెస్ట్‌హౌస్ బయట నిలిపిన ఆ బండి పోయింది. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కించడం పాలసీ షరతుల మౌలిక ఉల్లంఘన అంటూ కోర్టు పరిహారం నిరాకరించింది. ఆరు లక్షలకు పైగా బీమా ఉన్న బండికి ఒక్క రూపాయి రాలేదు.

చట్టం కూడా మారింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 305వ సెక్షన్, సరుకు లేదా ప్రయాణికుల రవాణాకు వాడే వాహనాన్ని దొంగిలించినా, అందులోంచి వస్తువు దొంగిలించినా ఏడేళ్ల దాకా జైలు శిక్ష వేయవచ్చంది. పాత ఐపీసీలో మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే. ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా పంపవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఆలస్యం చేస్తే నష్టం బీమాతో ఆగదు. శేషాచలం ఎర్రచందనం, మన్యం గంజాయి రవాణాలో దొంగ నంబర్లు తగిలించిన బండ్లు పట్టుబడుతుంటాయి. ఎఫ్ఐఆర్ తేదీ ముందే ఉంటే ఆ కేసులోంచి బయటపడటం యజమానికి సులువు. దొరికిన బండిని పోలీస్ స్టేషన్ ఆవరణలో ఏళ్ల తరబడి తుప్పు పట్టనివ్వకూడదని సుప్రీంకోర్టు 2002లోనే గుజరాత్ కేసులో చెప్పింది. కోర్టులో దరఖాస్తు పెట్టుకుంటే, ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకుని బండి అప్పగిస్తారు.

ఈ దొంగతనాలన్నిటికీ ఊపిరి కొనేవాడే. మీరట్‌లోని సోతీగంజ్ దశాబ్దాల పాటు దొంగ బండ్లను విప్పి అమ్మే బజారుగా పేరుమోసింది. 2021 డిసెంబరులో పోలీసులు ఆ దుకాణాలు మూయించారు. పాత పికప్ కొనేవాళ్లు జాతీయ నేర రికార్డుల బ్యూరో పోర్టల్‌లో ఇంజిన్, ఛాసిస్ నంబర్లు వేసి, అది దొంగబండి కాదన్న పత్రం తీసుకోవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు వస్తున్న హై సెక్యూరిటీ నంబరు ప్లేటును విప్పితే మళ్లీ బిగించలేరు. దక్షిణాఫ్రికా 2012 నుంచి కొత్త బండ్ల భాగాల మీద కంటికి కనిపించని సూక్ష్మచుక్కల గుర్తింపు తప్పనిసరి చేసింది. ఇక్కడ కూడా 2019లో అలాంటి ముసాయిదా వచ్చింది. విడిభాగాలకు గుర్తింపు ఉంటే విప్పి అమ్మే వ్యాపారమే చితికిపోతుంది.

అన్నీ కలిపి చూస్తే తేలేది ఇది. రహస్య స్విచ్, దాచిన ట్రాకర్, బ్యాటరీ పెట్టె, తాజా రిజిస్ట్రేషన్, సమగ్ర పాలసీ అనే ఐదూ ఒక సగటు పికప్ యజమాని శక్తికి లోబడినవే. అంతకు మించినది ప్రభుత్వాలు చేయాలి. ధర తక్కువన్న సాకుతో మినహాయించకుండా ప్రతి కొత్త చిన్న సరుకు బండికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేయాలి. మార్కెట్ యార్డులు, ఆటోనగర్లు, జాతీయ రహదారుల పక్కన వెలుతురు, కాపలా ఉన్న రాత్రి పార్కింగ్ స్థలాలు కట్టాలి. వీధిలో బండి నిలిపి నిద్రపోతున్న లక్షలాది కుటుంబాల కోసం ఈ రెండు డిమాండ్లను డ్రైవర్ల యూనియన్లు, లారీ యజమానుల సంఘాలు రవాణా శాఖ ముందు గట్టిగా పెట్టాలి. ఈలోగా యజమానులు ఈ రాత్రే పాలసీ కాగితం తీసి గడువు తేదీ, ఐడీవీ, దానితో పాటు ఫాస్టాగ్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఒకసారి సరిచూసుకోవాలి.